సెకనుకి ఇరవై ఐదు బొమ్మలు

మళ్ళీ తడబడింది. నిర్మల కుడికాలు ముందుకి వేసే చోట టీవీలో బొమ్మ రవ్వంత ఆగి, ఆగిన సంగతి ఎవరూ చూడకూడదన్నట్టు గబుక్కున ముందుకి దూకింది. రిమోట్ నొక్కి వెనక్కి తీసుకెళ్ళాను. మళ్ళీ కాలు వేసింది, మళ్ళీ తడబడింది. అబద్ధం ఎందుకు, నాకు సంతోషం వేసింది. రెండు వారాలుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్న మంట మీద ఎవరో చెంబుడు చన్నీళ్ళు పోసినట్టయింది. ఇంట్లో ఎవరూ లేరు. శుక్రవారం కదా, ఊరంతా అరకు సంతకి పోయింది. నా మొగుడు సోంబరు కూడా రెండు గంపల చిక్కుడుకాయలు వేసుకుని పొద్దున్నే ఆటో ఎక్కాడు. నాలుగింటికి అందరూ తిరిగొచ్చి నేరుగా ఈ గదిలోకే వస్తారు. ఇప్పుడు మూడు. ఈ గంటలో నేను చేయాల్సిన పని ఒకటే, వాళ్ళు వచ్చేసరికి ఈ టీవీలో ఈ వీడియో తిన్నగా ఆడేలా చూడటం. తిన్నగా ఆడితే నాకేమిటి లాభం అని ఎవరూ అడగలేదు, నన్ను నేనే అడుగుతున్నాను.

వచ్చే నెల ఢిల్లీలో ఏదో మేళా ఉంది. మా థింసా ఆట గుంపుని పిలిచారు. పన్నెండుమంది ఆడవాళ్ళం వరసగా నిలబడి, ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చెయ్యి పోనిచ్చి పట్టుకుంటాం. మొదట నిలబడే మనిషి ఎటు నడిస్తే వరస అటు నడుస్తుంది, ఆమె ఆగితే ఆగుతుంది, ఆమె చేతిలో నెమలీకల కట్ట ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ మనిషిని నేను. కలెక్టర్లు వచ్చినప్పుడు నేను, రిసార్టు తెరిచినప్పుడు నేను, ఇటికల పండక్కి నేను. ఇప్పుడేమో మొదటి పేరు ఎవరిదో ఇవాళ సాయంత్రం ఐదులోపు మేళావాళ్ళ ఆఫీసుకి ఫోన్లో చెప్పాలట, పేర్లు చెప్పిన వరసలోనే నిలబడాలట, తర్వాత మార్చడానికి వీల్లేదట. రత్న అని నా పేరు చెప్పేస్తే ఒక్క నిమిషం పని. కానీ మా గుంపులో కొత్తగా ఒక మాట మొదలైంది. నిర్మలని నిలబెడితే ఎలా ఉంటుంది అని. ఎవరు మొదలుపెట్టారో ఎవరూ చెప్పరు. అందరూ ఇంకెవరో అన్నారంటారు. చివరికి తుడుము వాయించే సుక్రు మావ, మా అందరికీ పెద్ద, రిసార్టులో రెండు వారాల కింద రెండు ఆటలు ఆడాం కదా, ఒకటి రత్న నడిపింది, ఒకటి నిర్మల నడిపింది, ఆ వీడియో అందరం కూచుని చూసి తేల్చుదాం అన్నాడు. న్యాయంగా ఉంది. న్యాయమైన మాట వింటే ఒక్కోసారి ఎంత కోపం వస్తుందో నాకు ఆ రోజు తెలిసింది.

చూడాల్సిందే మరి. ఎందుకంటే మా ఆట మేమెప్పుడూ చూసుకోలేదు. ఆడేటప్పుడు వరసలోనే ఉంటాం కదా, చూసేవాళ్ళు వేరే ఊళ్ళవాళ్ళు. వాయించేవాళ్ళు ఎదురుగా ఉంటారు గానీ సుక్రు మావకి చూపు ఆనదు, మోరి ఊదే ధర్మ నిర్మలకి మొగుడు, వాడి మాట ఎవరు తీసుకుంటారు. అందుకని టీవీ. ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద టీవీ నాది, కాఫీ బాగా కాసిన ఏడు కొన్నాం. దాని పక్కన అరచేతిలో పట్టేంత నల్లటి బాక్సు, పెన్‌డ్రైవ్ గుచ్చితే సినిమాలాడేది, మా తమ్ముడు కొండబాబు తెచ్చి పెట్టాడు. వాడు సీలేరు కరెంటు కాలనీలో ఎలక్ట్రీషియన్. న్యాయం చెప్పే టీవీ నా ఇంట్లోనే ఉంది, దాని రిమోట్ నా చేతిలోనే ఉంది.

మొదట పెన్‌డ్రైవ్ మీద అనుమానపడ్డాను. దాన్ని తీసి, ఊది, చీరకొంగుతో తుడిచి మళ్ళీ గుచ్చాను. తడబాటు పోలేదు. వీడియోని బాక్సులోకి కాపీ చేశాను, అది ఎక్కడానికి పావుగంట పట్టింది, ఆ పావుగంటా చుక్క తిరుగుతుంటే చూస్తూ కూచున్నాను. నిర్మల వచ్చిన రోజు గుర్తొచ్చింది. డొంకరాయి అవతల ఊరి పిల్ల, మా బావగారి కొడుకు ధర్మకి చేసుకున్నాం. వచ్చిన నాలుగో రోజే నా గుమ్మంలో నిలబడి, అత్తా నాకు ఆట నేర్పుతావా అంది. మా వైపు కాలు ఇలా పడదు అంది, వాళ్ళ వైపు వేరే అడుగు. నేనే నేర్పాను. దాని నడుం చుట్టూ చెయ్యి వేసి, నా కాలితో దాని కాలు తోసి, చోళ్ళు ఆరబెట్టే కళ్ళంలో నెలరోజులు తిప్పాను. అప్పుడు దాని మీద నాకు ప్రేమే ఉండేది. పిల్ల బేగి నేర్చుకుంటోందని నలుగురికీ నేనే చెప్పుకున్నాను. ఎప్పుడు మారిందో ఆ రోజు చెప్పమంటే చెప్పలేను. రిసార్టుకి వచ్చినవాళ్ళు సెల్ఫీకి నన్ను పిలవడం మానేసి దాన్ని పిలవడం మొదలుపెట్టిన రోజా? సోంబరు అన్నం తింటూ, ధర్మ ఇంట్లో అంబలి మరీ చిక్కగా ఉండదు, మరీ పల్చగా ఉండదు అన్న రోజా? ముప్పై ఏళ్ళుగా నా అంబలి తాగినవాడు, చిక్కదనం సంగతి అప్పుడే తెలిసొచ్చింది కాబోలు. మా మేకపిల్ల కూడా దాని వెనకే పోతుంది. చిన్న చిన్న సంగతులు, బయటికి చెబితే నవ్వుతారు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

కాపీ అయింది. పెట్టాను. అదే తడబాటు. అయితే పెన్‌డ్రైవ్ కాదు. వైరు మార్చాను, పాత వైరు తీసి కొండబాబు వదిలి వెళ్ళిన కొత్తది పెట్టాను. అదీ కాదు. బాక్సు వేడెక్కి ఉందేమోనని టీవీ వెనక నుంచి తీసి కిటికీ దగ్గర పెట్టాను, చలిగాలి తగిలేట్టు. కాదు. టీవీలో కదలికలు నున్నగా చేసేది ఏదో ఉంటుంది, అది నొక్కాను. అప్పుడు ఆటవాళ్ళ కాళ్ళ చుట్టూ సన్నటి పొగలాగా వచ్చింది, ఆ పొగలో మా కడియాలు కరిగిపోయినట్టు కనిపించాయి, భయం వేసి తీసేశాను. విచిత్రం ఏమిటంటే మొదటి ఆట, నేను నడిపించింది, చక్కగా వస్తోంది. కొంచెం దూరం నుంచి, పన్నెండుమందీ కనిపించేట్టు, కొండలాగా కదలకుండా. రెండో ఆట దగ్గరికొచ్చేసరికి మాత్రం నిర్మల అడుగడుగునా తూలుతోంది. కెమెరాకి కూడా తెలుసు ఎవరు నడిపించాలో అని పైకే అన్నాను. ఖాళీ ఇంట్లో నా గొంతు నాకే బాగా అనిపించలేదు.

మా ఇంట్లో సిగ్నల్ గుమ్మం దగ్గర ఒక్కచోటే, ఎడమ వైపు స్తంభానికి ఆనుకుని నిలబడితేనే. అక్కడి నుంచి కొండబాబుకి చేశాను. వాడు పనిలో ఉన్నాడు, వెనకాల ఏదో మిషను మోత. వైరు మార్చేనని, కాపీ చేసేనని చెప్పాను. వాడు అంతా విని ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎప్పుడూ స్ట్రక్ అవుతందా అక్కా, కెమెరా కదిలినప్పుడే అవుతందా? లోపలికెల్లి సూసి సెప్పు."

వెళ్ళి చూశాను. నా ఆట, కెమెరా కాళ్ళ స్టాండు మీద ఉంది, కదల్లేదు. నిర్మల ఆట, వెనక కొండ జరుగుతోంది, రిసార్టు దీపస్తంభాలు ఒకటి తర్వాత ఒకటి వస్తూ పోతున్నాయి, వలిసె పూల మడి పక్కకి పారుతోంది. కెమెరా నడుస్తోంది. ఆ ఫొటో అబ్బాయి పేరు ప్రేమ్‌కుమార్, వైజాగు నుంచి వచ్చాడు. గుర్తొచ్చింది, అంతా గుర్తొచ్చింది. నా ఆట అప్పుడు కెమెరాని స్టాండు మీద పెట్టి, అమ్మా మొదలెట్టండి అని, తను పక్కకెళ్ళి టీ తాగాడు. నిర్మల మొదలుపెట్టిన రెండో నిమిషానికి గ్లాసు కింద పెట్టేసి, కెమెరాని స్టాండు మీద నుంచి ఊడబెరుక్కుని చేతుల్లోకి తీసుకున్నాడు. వంగుని, వెనక్కి నడుస్తూ, ఆ పిల్ల ఎటు తిరిగితే అటు తిరుగుతూ, ఆట అయ్యేదాకా దాని ముందే ఉన్నాడు. నిర్మలగారూ అలాగే నవ్వండి అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, వరసలో రెండోదాన్ని, నన్ను చూసి అమ్మా మీరు కొంచెం అటు అన్నాడు. కొంచెం అటు ఎలా జరుగుతారు, చేతులు కలిపి ఉంటే.

గుమ్మం దగ్గరికి వచ్చి, కెమెరా కదిలినప్పుడేరా అని చెప్పాను.

"అయితే ఏటీ పాడవలేదు. వీడియో సెకనుకి ఇరవై ఐదు బొమ్మలు తీసింది. టీవీ అరవై సూపిస్తంది. లెక్క కుదరక ఒక బొమ్మ రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు ఏస్తంది, అందుకే తూలినట్టుంటాది. బాక్సులో అరవై తీసీసి యాభై పెట్టీ, సరిపోతాది."

వాడు అది ఎక్కడుంటుందో చెప్పి పెట్టేశాడు. నేను స్తంభానికి ఆనుకునే ఉన్నాను. వాడు చెప్పింది నాకు ఎంత బాగా అర్థమయిందంటే, వాడికి కూడా అంత అర్థమయి ఉండదు. చేత్తో తొడ మీద వేసి చూసుకున్నాను. రెండు, రెండు, మూడు, రెండు, మూడు. ఆ తాళానికి ఏ మనిషి కాలూ పడదు. నేను వేసినా తూలుతాను. ఒక్కో బొమ్మ రెండేసి సార్లు వేస్తే, రెండు, రెండు, రెండు, ఎవరైనా నడుస్తారు. అంటే నిర్మల కాలు తప్పలేదు. కెమెరా దాని వెంట పడింది కాబట్టి అది తూలుతున్నట్టుంది. నా వెంట ఎవరూ పడలేదు కాబట్టి నేను చక్కగా ఉన్నాను. చెంబుడు నీళ్ళు ఇంకిపోయాయి, మంట మళ్ళీ లేచింది, ఈసారి ఇంకొంచెం పైకి, గొంతు దాకా.

వెళ్ళి యాభై పెట్టాను. చూడకుండా ఉండలేక పెట్టాను. తెర ఒకసారి నల్లబడి వచ్చింది. నిర్మల నడిచింది.

ఏం చెప్పను. పద్దెనిమిదేళ్ళు నేను ఆ చోట నిలబడ్డాను, ఆ చోట నిలబడిన మనిషి ఇలా ఉంటుందని నాకు తెలియదు. కాలు నేలని తన్నడం లేదు, నేల అడిగితే ఇచ్చినట్టు ఇస్తోంది. మెడ నిటారుగా ఉంది. ఈకల కట్ట పట్టుకున్న చెయ్యి ఎక్కడా బిగుసుకోలేదు. కొండ దాని వెనక నుంచి మెల్లగా, ఒక్క కుదుపు లేకుండా జరిగింది. నేను నేర్పిన అడుగే, కానీ చివర కాలు ఎత్తేటప్పుడు మడమ దగ్గర చిన్న విరుపు, అది నేను నేర్పింది కాదు, వాళ్ళ వైపు అడుగులోది. దాన్ని మాన్పించాలని నెలరోజులు కళ్ళంలో తిప్పాను, మాన్పించలేకపోయాను. ఇప్పుడు ఆ విరుపే అన్నిటికన్నా బాగుంది. నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ ఆ పిల్లనే చూశాను, ఇంకెవర్నీ చూడలేదు. ప్రేమ్‌కుమార్ మీద కోపం కూడా పోయింది, నేనైనా టీ గ్లాసు కింద పెట్టేసేదాన్నే. అదే నాకు భరించలేని సంగతి. బాగులేదని ఎవరైనా చెబితే బాగుండును.

యర్రమ్మ గుర్తొచ్చింది. నాకు ముందు వరస నడిపించిన మనిషి. ఆ ఏడు పండక్కి ఆమె మోకాలు వాచిందని ఈకల కట్ట నా చేతికి ఇచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. బరువుగా పెట్టింది. దీవెన అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాను. ఇవాళ తెలిసింది, నన్ను కిందికి నొక్కాలని ఉండి ఉంటుంది ఆమెకి. పాపం, మోకాలు నిజంగా వాచిందో లేదో. ఆ తర్వాత రెండేళ్ళు ఆట ఉన్న చోటికి ఆమె రాలేదు. చలి అనేది, పశువులు అనేది. మేము నవ్వుకునేవాళ్ళం, యర్రమ్మకి బద్ధకం వచ్చిందని. నేను కూడా ఇకనుంచి పశువుల సంగతి చెప్పుకోవాలి కాబోలు. నలభై ఆరేళ్ళకి. పిల్లలు పుట్టలేదు నాకు. పొలం సోంబరుది, ఇల్లు సోంబరుది, ఈ టీవీ కూడా కాగితం మీద సోంబరుదే. నాది అని చెప్పుకోవడానికి వరసలో మొదటి చోటు ఒక్కటే ఉంది. ఆ ఒక్కదాన్నీ ఎవరికో ఇవ్వమంటే, ఇచ్చేటప్పుడు నవ్వమని కూడా అంటారు, ఎలా వస్తుంది నవ్వు.

బయట ఆటో హారన్ వినిపించింది. ఇంకా దూరంగానే, మలుపు దగ్గర. బాక్సు సెట్టింగులు తెరిచాను. యాభై మీద నుంచి అరవైకి జరిపాను. తెర నల్లబడి వచ్చింది. నేను కొత్తగా ఏమీ చెయ్యలేదు, మొదట ఎలా ఉందో అలా ఉంచాను, అంతే కదా. నాకు తెలియకపోతే ఇలాగే ఉండేది కదా. కొండబాబు పనిలో ఉండి ఫోను ఎత్తకపోతే ఇలాగే ఉండేది కదా. ఈ మాటలు వరసగా, నాకు నేనే, ఎవరో అడిగినట్టు చెప్పుకున్నాను.

అందరూ వచ్చారు. గది నిండా సంత వాసన, ఎండుచేపలు, బెల్లం, జనాల చెమట. గుంపు ఆడవాళ్ళు గోడవారగా కూచున్నారు, సోంబరు మంచం మీద, సుక్రు మావ కుర్చీలో, టీవీకి ఒక పక్కగా, చూడ్డానికి కాకుండా వినడానికి అన్నట్టు. ధర్మ గుమ్మంలోనే నిలబడ్డాడు. నిర్మల అందరికన్నా వెనక, చంకలో సంచితోనే, తలుపు దగ్గర కింద కూచుంది. నేను పెట్టాను. మొదట నా ఆట. అందరూ బాగుందన్నారు, ఎప్పుడూ బాగానే ఉంటుంది అన్నారు, అలవాటైన అన్నం గురించి చెప్పినట్టు. తర్వాత దాని ఆట. తడబడింది. దూకింది. తడబడింది. కనక, మా వరసలో చివర నిలబడేది, అయ్యో అని గొంతులోనే అంది. సోంబరు, పిల్ల ఇంకా కొత్త కదా అన్నాడు. ఇంకా ఒకరిద్దరు, ఢిల్లీలో ఇలా పడితే పరువు పోతుందన్నారు. నేను ఏమీ అనాల్సిన పని లేదు, టీవీ అంటోంది కదా. గెలిచాను. గెలిస్తే నోరు తియ్యగా ఉంటుందనుకున్నాను, ఏమీ లేదు, కాఫీ గింజ కొరికినట్టుంది.

నిర్మల లేచి నిలబడింది. తెర వైపే చూస్తోంది. దాని ముఖంలో ఏడుపు కోసం వెతికాను, కనబడలేదు.

"నా కాలే తప్పింది. అత్తే నిలబడాల," అంది.

అంతే, కూచుంది. సంచిలోంచి ఉల్లిపాయలు దొర్లితే ఏరుకుంది. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. మరీ తేలిగ్గా అంది. తన కాలు తప్పలేదని ఒంటికి తెలియదా ఎవరికైనా? నాకైతే తెలుస్తుంది, చీకట్లో ఆడినా తెలుస్తుంది. నేనైతే టీవీని పగలగొట్టేదాన్ని. దీనికి రోషం లేదా, లేక నా ముందు మంచిది అనిపించుకోవాలనా, లేక. ఆ లేక దగ్గర నా ఆలోచన ఆగింది. దాని అవతల ఏముందో నాకు తెలుసు, రెండు వారాలుగా తెలుసు, అటు వెళ్ళకుండా చుట్టు తిరిగి వస్తున్నాను.

ఐదు కావస్తోంది, ఇంక ఫోను చెయ్యండి అని ఎవరో అన్నారు. సుక్రు మావ చెయ్యి ఎత్తాడు. మెల్లగా నా వైపు తిరిగాడు, నా ముఖం ఉండే చోటికి కొంచెం పక్కగా చూస్తూ.

"నాకు కళ్ళు ఆనవు. టీవీ ఏటి సెప్పిందో మీరే సూసినారు. రత్నా, ఆ పిల్ల పక్కన నిలబడింది నువ్వు. దాని నడుం సుట్టూ ఉన్నది నీ సెయ్యి. నీ సెయ్యికి ఏటి తెలిసింది?"

అందరూ టీవీని వదిలేసి నన్ను చూశారు. నిర్మల ఒక్కతే చూడలేదు, ఉల్లిపాయల మీదే ఉంది దాని చూపు. నా చెయ్యికి ఏమి తెలిసింది. మూడో తిప్పులో, వరస ఎడమకి తిరిగే చోట, ప్రేమ్‌కుమార్ నవ్వండి అన్నప్పుడు, నేను అడుగు మీద లేను. నేను ఆ కెమెరాని చూస్తున్నాను, అది నన్ను దాటి దాన్ని చూడటాన్ని చూస్తున్నాను. నా కాలు ఆలస్యమైంది. నాది. నా వెనక పదిమంది, నేను తూలితే వాళ్ళందరూ తూలేవాళ్ళు. అప్పుడు నా నడుం వెనక ఉన్న దాని చెయ్యి బిగిసింది. పెద్దగా కాదు, బిందె జారిపోకుండా పట్టుకున్నంత. నన్ను ఎత్తి తాళంలో పెట్టి, మళ్ళీ వదులైంది. ముఖం తిప్పి నా వైపు చూడను కూడా లేదు, నవ్వు చెదరలేదు. ఆట అయ్యాక ఏమీ అనలేదు. ఊరికి వచ్చే దారిలో, నీకు చలేస్తందా అత్తా అని తన దుప్పటి ఇచ్చింది. ఎవరితోనూ అనలేదు, ధర్మతో కూడా అని ఉండదు. ఇప్పుడు ఈ గదిలో, అందరి ముందు, తప్పింది నా కాలే అంది. తప్పింది ఎవరి కాలో తెలిసే అంది. అయ్యో దేవుడా, ఇందులో కూడా ఇది నాకన్నా ముందే నిలబడింది. ఒక్క చెడ్డ మాట అని ఉంటే ఎంత సుఖంగా ద్వేషించేదాన్ని దీన్ని. ఇన్నాళ్ళూ దాని కాలు మీద, దాని నవ్వు మీద, దాని అంబలి మీద ఏడ్చాను, ఇక దాని మంచితనం మీద కూడా ఏడవాలా.

తెలియదు మావా, జనం గోలలో తెలియలేదు అనొచ్చు. ఎవరూ కాదనరు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ అబద్ధం చెప్పాల్సింది నా నోరు కాదు, నా చెయ్యి. ఆట గురించి అది ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, దానికి అలవాటు లేదు. పద్దెనిమిదేళ్ళు నన్ను ఆ చోట నిలబెట్టింది అదే.

"తప్పలేదు మావా. తప్పింది నా కాలు. ఆ పిల్ల సెయ్యి నన్ను నిలబెట్టింది," అన్నాను.

టీవీని ఇలా పెట్టింది కూడా నేనే అని చెప్పాను. లెక్క చెప్పాను, ఇరవై ఐదు, అరవై, రెండుసార్లు, మూడుసార్లు, ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, సోంబరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అర్థం కాకపోయినా పరవాలేదు, చూస్తే తెలుస్తుందని యాభై పెట్టి రెండో ఆట మొదటి నుంచి వేశాను. రిమోట్ నిర్మల ఒళ్ళో పెట్టి, దాని ముఖం చూడకుండా ఫోను తీసుకుని గుమ్మంలోకి వచ్చేశాను. అది అత్తా అని పిలిచింది. నేను ఆగలేదు. ఆగితే మంచి మాట ఏదో అంటుంది, దాన్ని వినే ఓపిక నాకు లేదు.

ఎడమ స్తంభానికి ఆనుకుని ఆఫీసుకి చేశాను. రింగు అవుతోంది. లోపల టీవీలో తుడుము మోగుతోంది, మోరి మొదలైంది. చూడక్కర్లేదు నాకు, చప్పుడు వింటే ఇప్పుడు ఏ అడుగు పడుతోందో తెలుస్తోంది. మొదటి తిప్పు. రెండో తిప్పు. ఎత్తారు అవతల, ఎవరో ఆడపిల్ల, పేర్లు చెప్పండమ్మా రాసుకుంటాను అంది. మూడో తిప్పు వచ్చింది. లోపల ఎవరో నాలుక చప్పరించారు. నా కాలు తప్పడం చూశారన్నమాట. నా వీపు కాలింది, తిరిగి చూడలేదు. మొదటి పేరు నిర్మల అని చెప్పాను. స్పష్టంగానే చెప్పాను, ఆమె మళ్ళీ అడగలేదు. రాసుకుని, తర్వాత ఎవరమ్మా అంది. కాసేపు నా పేరు నాకు నోటికి రాలేదు. లైన్లో ఉన్నారా అమ్మా, రెండో పేరు చెప్పండి అంది.